దసరా నాడు తీసిన బంతి

పద్దెనిమిదేళ్లుగా ఒక బంతిని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. గాలి నింపిన బంతికి బరువేముంటుంది అంటారా? మోసి చూడండి. పెళ్లిళ్లలో బరువే, పేరంటాల్లో బరువే, ఎవరైనా నా ఆట మెచ్చుకుంటే మరీ బరువు. నా పేరు చెప్పను. రంగూన్‌లో మా తెలుగువాళ్ల పేట తాకేటాలో ఈ సంగతి చదివిన మొదటి ముగ్గురూ నన్ను ఎలాగూ పట్టేస్తారు. మీరు పట్టుకోకపోతే చాలు.

ఇప్పుడు నేను ఒక బడిలో ఆటల టీచర్ని. ఆదివారాలు మా పేటలో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను. నాకు నేర్పింది మా మావయ్య. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉండేవాళ్లం. ఆయన తాత రేవులో మూటలు మోశాడు, ఈయన లారీ తోలేవాడు. సాయంత్రం లారీ దిగి, లుంగీ ఎగ్గట్టి, ఈల నోట్లో పెట్టుకుని మైదానానికి వచ్చేవాడు. తెలుగు పిల్లలు, బర్మా పిల్లలు కలిపి పద్నాలుగు మందిమి. నేనూ, నా స్నేహితురాలు పైడమ్మా మధ్యవరసలో ఆడేవాళ్లం. బళ్లో దాని బర్మా పేరు మ సూ. ఇంటి దగ్గర పైడి.

మధ్యవరస ఆటగత్తెకి వీపున కళ్లుండాలనేవాడు మావయ్య. నాకు బంతి వచ్చే లోపల వెనక నిలబడి వేళ్లు చూపించేవాడు. బంతి ఆపేటప్పటికి ఎన్ని వేళ్లో చెప్పాలి. చెప్పకపోతే మైదానం చుట్టూ రెండు రౌండ్లు. మొదటి ఏడాదంతా నేను పరుగు పందేలకి తయారవుతున్నానేమో అనుకున్నారు చూసేవాళ్లు. రెండో ఏటికి వేళ్లు దొరికాయి. మెడ దానంతట అదే తిరిగేది. ఇప్పటికీ చేపల బజార్లో కూడా తిరుగుతుంది.

ఒక్కటే దొరకలేదు, ఆగిన బంతిని గోల్‌లోకి కొట్టడం. ఫ్రీకిక్. గోల్ పైకర్ర మూలకి పాత సైకిల్ టైరు కట్టేవాడు మావయ్య. బంతి అందులోంచి దూరాలి. పైడి పదికి నాలుగు దూర్చేది. నవ్వుతూ, పక్కవాళ్లతో కబుర్లాడుతూ. నేను కొడితే బంతి టైరు మీంచి, గోడ మీంచి, అవతల టీకొట్టు పాక మీదికి పోయేది. మైదానం మూలనుంచి కొట్టే కార్నర్ కూడా అంతే. పైడి కొట్టిన కార్నర్ మనిషి తల వెతుక్కుంటూ వచ్చేది. నాది మనుషుల్ని తప్పించుకుంటూ పోయేది.

పద్దెనిమిదేళ్ల కిందట దసరా మర్నాడు మాకు మ్యాచ్. పెద్ద పోటీలకి పంపే ఆడపిల్లల జట్టు కట్టే పెద్దలు చూడ్డానికి వస్తున్నారన్నారు. ఒక్క ఆటే చూస్తారు. ఒక్క ఆటలో ఎవరు కనబడతారు? ఆగిన బంతి దగ్గర నిలబడ్డది కనబడుతుంది. అందరూ ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తారు. ఫ్రీకిక్‌లూ కార్నర్లూ పైడివే అని మావయ్య చెప్పేశాడు. న్యాయమే. న్యాయమని తెలిస్తే కడుపుమంట తగ్గుతుందా? నాకు తగ్గలేదు.

మా ఇంట్లో దసరాకి పనిముట్ల పూజ. లారీ తాళాలు, పానాలు, అత్త కుట్టుమిషను, నా జామెట్రీ పెట్టె, మావయ్య ఈల, వాటి మధ్య ఇత్తడి పళ్లెంలో మా జట్టుకున్న ఒకే ఒక మంచి బంతి. మూడు కుంకుమ బొట్లు పెట్టుకుని పెళ్లికూతురిలా కూర్చుంది. అమ్మోరికి అప్పచెప్పిన పనిముట్టు మర్నాడు పొద్దుటి దాకా ముట్టకూడదు. లారీ కూడా ఆ రోజు కదలదు. ముందు రోజు పైడి అంది, "అమ్మోరు కూడా ఓ కిక్కు కొట్టుకుంటే ఏటవుద్ది?" అని. అందరం నవ్వాం. ఆ మాటే తర్వాత దాని కొంప ముంచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోయింది. నేను బంతి తీశాను. బొట్లు తుడిచాను. మూతపడిన గోదాము గోడ దగ్గరికి వెళ్లాను. ఎన్నిసార్లు కొట్టానో తెలీదు. భయానికి అనుకుంటాను, ఆ రోజు మెల్లిగా కొట్టాను, చప్పుడు రాకూడదని. అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నేను తన్నే కాలి గురించే ఆలోచిస్తున్నాను, నిలబడే కాలి గురించి కాదు. దాన్ని బంతి పక్కన సరిగ్గా నాటి, ఒళ్లు ముందుకి వంచితే బంతి లేస్తుంది, వంగుతుంది, దిగుతుంది. గోడ మీద నేను అనుకున్న ఇటుకకి తగిలింది. మళ్లీ అదే ఇటుకకి. నాకు గెంతాలనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ పూటంత సంతోషం నా బతుకులో మళ్లీ ఎరగను. తప్పు చేస్తూ అంత సంతోషపడొచ్చా? పడ్డాను మరి.

బంతి కడిగి, తుడిచి, కొత్త బొట్లు పెట్టి పళ్లెంలో కూర్చోబెట్టాను. తర్వాత కాసేపటికి పైడి వచ్చి, వాళ్లమ్మ పంపిన పులిహోర గిన్నె గుమ్మంలోనే నా చేతికిచ్చి పోయింది. లోపలికి కూడా రాలేదు.

వానాకాలం గోడ నాచు మాత్రం కడిగితే పోలేదు. మర్నాడు మైదానంలో మావయ్య బంతి తిప్పి చూశాడు. కుట్ల వెంట పచ్చగా మరక.

"అమ్మోరి కాడ పెట్టిన బంతి ఎవులు తీసేరు?" అన్నాడు.

నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. పైడికి తిట్లు పడేటప్పుడు నవ్వొచ్చే జబ్బు ఒకటుంది. నవ్వేసింది.

"నవ్వుతావేటే? మొన్న అమ్మోరి కిక్కన్నది నువ్వే గదా, నువ్వేనా?"

"నాను కాదు మావా. అమ్మోరి తోడు, ముట్టుకోనేదు."

మావయ్య నా వైపు తిరిగాడు. "నిన్న మజ్జానం మనింటికి ఎవులైనా ఒచ్చేరా?"

"పైడి ఒచ్చింది మావయ్యా."

అంతే. మూడు మాటలు. ఒక్కటీ అబద్ధం కాదు. అదే నా తెలివి. బంతి తీసినందుకు అమ్మోరు నన్ను ఏనాడో క్షమించి ఉంటుంది, ఆవిడకి పిల్లల ఆటలు కొత్తా? ఆ మూడు మాటలకే నాకు నిద్ర పట్టదు. గుమ్మం దాటి రాలేదని ఎందుకు చెప్పలేదు? నోరు రాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నోరు వచ్చింది. వస్తుంటే మూసుకున్నాను.

"ఇయాల ఆగిన బంతి కాడికి నువ్వెల్లొద్దు. ఇదే కొడతాది," అని మావయ్య నన్ను చూపించాడు.

ఆటలో మాకు మంచి చోట దొరికింది ఒక్క ఫ్రీకిక్. అది సంపాదించింది కూడా పైడే. ఇద్దర్ని తప్పించుకుని పోతుంటే పడేశారు. లేచింది, మోకాలు దులుపుకుంది, అలవాటు చొప్పున బంతి తీసి గడ్డి మీద పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, బంతి మళ్లీ ఎత్తి నా చేతికిచ్చింది. నిలబడే కాలు నాటాను. బంతి అడ్డంగా గోడ కట్టిన ఎదుటి జట్టు పిల్లల తలల మీంచి లేచి వంగి మూలకి దిగింది. నన్ను మొదట వాటేసుకున్నది పైడి.

పెద్దలు నా పేరు రాసుకున్నారు. నాలుగేళ్లు శిక్షణ, ఊళ్లు తిరగడం, కాగితాలు, ఆ కాగితాల మీద ఈ ఉద్యోగం. పైడి మరుసటేడు ఊరి అవతలి కొసన లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చేరింది. ఇప్పుడు ఒక లైనుకి లీడరు. నలభైమంది దాని మాట వింటారు, మొగుడితో సహా. అది ఏడుస్తూ కూర్చోలేదు. కానీ దాని పేరు ఆ కాగితం మీద ఉండాల్సింది కదా. ఉండేదా? నాకు తెలీదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే.

ఇంకా నవ్వులాట ఏమిటంటే, ఆ బంతి ఎవరు తీశారో పైడి తనే తేల్చేసింది. "నాను తియ్యనేదు, ఇంట్లో ఎవులూ తియ్యనేదు. మరింకెవులు? అమ్మోరే ఆడుకున్నాది," అని ప్రతి దసరాకీ చెబుతుంది. అమ్మోరు చీర ఎగ్గట్టి ఎలా తన్నిందో అభినయించి మరీ చూపిస్తుంది. పేటంతా పడి పడి నవ్వుతుంది. అందరికన్నా గట్టిగా నేను నవ్వుతాను. మావయ్య పోయే ముందు ఏడాది దాకా నవ్వాడు. ఆయనకి నేను చెప్పలేదు. ఇక చెప్పలేను.

మొన్న ఆదివారం పైడి తన కూతురు చిట్టిని తీసుకొచ్చింది. పన్నెండేళ్లు. బంతి ఆపకముందే మెడ తిప్పి వెనక చూస్తుంది, ఎవరూ నేర్పకుండానే. "దీనికి నీ కిక్కు నేర్పవే," అంది పైడి. చిట్టి నన్ను బర్మా బడి అలవాటుగా "సయామా" అంటుంది, టీచరమ్మా అని. "సయామా, మీకెవరు నేర్పారు ఆ కిక్కు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా పైడి అందుకుంది. దసరా, పళ్లెం, అమ్మోరు, చీర ఎగ్గట్టడం. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"పైడీ, బంతి తీసింది నేనే," అన్నాను.

అంత మాత్రమే చెప్పగలిగాను. మిగతాదంతా మీకు చెబుతున్నాను, అక్కడ మిగిలిపోయింది కనక.

పైడి నవ్వలేదు. తిట్లప్పుడు నవ్వే మనిషి నవ్వలేదు. చెప్పులు విప్పింది. బర్మా ఆడవాళ్ల లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టింది. బంతి తీసి గోల్ ఎదురుగా పెట్టి, "ఎల్లి నిలబడు," అంది. వెళ్లి ఒక్కదాన్నే గోడగా నిలబడ్డాను. మొదటి బంతి నా తొడకి తగిలింది. కావాలనే. ప్రాణం జివ్వుమంది. "పైడీ," అన్నాను. "మాటాడకు. నిలబడు," అంది.

రెండోది నా చెవి పక్కనుంచి పోయింది. తల తిప్పి చూశాను. వల పైమూల ఇంకా ఊగుతోంది. పద్దెనిమిదేళ్లు బంతి ముట్టని ఉత్తకాలు. మావయ్య ఎంచింది సరైన మనిషినే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కడుపులో ఆ బంతి బరువు లేదు. పైడి నన్ను చూడకుండా చిట్టిని ఇంకో బంతి తెమ్మంది. నేను కదలకుండా నిలబడ్డాను.