ఫొటో అంటించే చోటు

నా చేతిరాత బాగుండదు. ఊరిబడిలో ఐదు దాకానే చదివాను, తప్పులుంటే దిద్దుకుని చదవండి. పోయిన శుక్రవారం మా ల్యాబు సారు గుండె ఆగి చనిపోయారు. పెట్టెలో పెట్టి ఊరికి పంపారు. ఆయన గురించి రాయడానికి మా కాలేజీలో మరో తెలుగువాడు లేడు, అందుకే నేను రాస్తున్నాను.

మస్కట్ దగ్గర ఒక కాలేజీలో నేను గాజుసీసాలు కడుగుతాను. రూమ్ ఆ పక్కనే రుసైల్ అనే చోట. సారు నాకన్నా చిన్నవారు, గోదావరి వైపు. ఖర్జూరపాకు ముక్కలు చిన్న గొట్టాల్లో వేసి దాచేవారు. తిన్న ఖర్జూరం గింజ కూడా పారేయరు. కంప్యూటర్లో చూస్తే నాలుగే ఇంగ్లీషు అక్షరాలు, తెర నిండా. దీనికి జీతం ఎవరిస్తారా అని నాకు మొదటినుంచీ అనుమానమే.

ఒకరోజు చాయ్ తాగుతూ అన్నారు. "బాబాయ్, మీ అమ్మాయి ఎమ్మెస్సీ అయిపోయిందన్నావు కదా. హైదరాబాదులో బయోఇన్ఫర్మాటిక్స్ పీహెచ్‌డీ సీట్లు పడ్డాయి. నెలనెలా డబ్బులు వాళ్లే ఇస్తారు. మార్కుల కాగితాలూ రెండు ఫొటోలూ తెచ్చివ్వు."

చదువుకునేవాళ్లకు ఎదురు డబ్బులిస్తారా? రూమ్‌లో చెప్తే మా ఊరి మేస్త్రి నవ్వాడు.

"పైసలద్దంటడు, పోరి ఫొటో అడుగుతడు. ఏజెంటు గాక ఇంకెవడే కాకా? కడప ఆడోళ్లను ఇండ్లల్ల పనికి గిట్లనే మాయజేసి తెచ్చిండ్రు."

బిడ్డ పంపిన మార్కుల కాగితం మీద ఆమె ఫొటో ఉంది. జిరాక్సు తీసేటప్పుడు దానిమీద నా బొటనవేలు అడ్డం పెట్టాను. సారు ఆ కాగితం చూసి, "ఏం బాబాయ్, పీహెచ్‌డీ నీ బొటనవేలు చేస్తుందా?" అన్నారు.

"భయమైతది సారూ."

"అనుమానపడు, తప్పులేదు. నేనూ చేసిందే మూడుసార్లు చేసి చూస్తా. కానీ అనుమానం దగ్గరే కూర్చోకు, అడుగు."

నేను అడగలేదు. రెండు నెలలు ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నాను. ఫోన్ మాటలు విన్నాను, చెత్తబుట్ట వెతికాను. ఏమీ దొరకలేదు. చాయ్ గ్లాసు తానే కడిగి బోర్లించేవారు. అదీ అనుమానమే. నా పని ఈయనెందుకు చేస్తున్నట్టు?

మొన్న ఆయన బల్ల ఖాళీ చేయమని కాలేజీవాళ్లు నాకే చెప్పారు. సొరుగులో ఖర్జూరం గింజలు, నా పేరు రాసిన కవరు. లోపల దరఖాస్తు మొత్తం నింపి ఉంది. వెంట ఒక ఇంగ్లీషు ఉత్తరం. ఇద్దరిచేత విడివిడిగా చదివించాను, ఇద్దరూ ఒకటే చెప్పారు. "ఈ అమ్మాయిని నేను చూడలేదు. తండ్రిని ఎరుగుదును. ఆయన కడిగిన సీసాలో మరక చూడలేదు. ఒకసారి పిలిచి మాట్లాడండి."

ఫొటో గడి ఖాళీ. అందులో పెన్సిల్‌తో తెలుగులో, "ఇక్కడ బాబాయ్ అంటిస్తాడు."

బిడ్డ ఫొటో అంటించాను. పై అంచుకే జిగురు పెట్టాను. ఎత్తితే ఆ అక్షరాలు కనబడతాయి. గడువు నెలాఖరు. పోయిన మనిషి ఉత్తరం చెల్లుతుందా? ఆ సీట్లు నిజమేనా? తెలిసినవారు త్వరగా జవాబు రాయండి. ముందు మీరెవరో రాయండి.