తూము కింది గోడ

నా చిన్నప్పుడు మా ఇంటి గోడకున్న విలువ మా అమ్మకు ఉండేది కాదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది రాజాం దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. మా తాతయ్య ఎక్కడి నుంచో లేత గోధుమరంగు ఇటుక తెప్పించి ముందు గోడ కట్టించాడు. ఆ రంగు దారిన పోయేవాళ్ళకు కనబడాలని సున్నం కూడా వేయనివ్వలేదు. ఒక యేడు వానలు తెరిపి లేకుండా కురిసి, గోడకు పచ్చగా పాచి పట్టింది. తాతయ్య గోడను చూశాడు, తర్వాత అమ్మను చూశాడు.

"నువ్వు పారబోసిన అంట్ల నీళ్ళే గోడకి పాసి పట్టించినాయి. అది మునపట్లాగ అయ్యేదాకా కన్నోరింటి మాటెత్తకు" అన్నాడు.

గౌరమ్మ పండగ దగ్గర పడుతున్న రోజులవి. అమ్మ పుట్టింటికి వెళ్ళేది ఏడాదికి ఆ ఒక్కసారే. అప్పటికే అమ్మమ్మకు చూపు మసకబారుతోంది. వచ్చే యేటికి తన ముఖం ఆమెకు ఆనుతుందో లేదోనని అమ్మ భయం. అంట్లు తోమే చోటేమో ఇంటి వెనకాల, బావి దగ్గర! అక్కడి నీళ్ళు ముందు గోడకు ఎలా ఎక్కుతాయి? ఆ ముక్క మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

అమ్మ ఎండ రాకముందే లేచి, ముందు వట్టి నీళ్ళతో గోడను బాగా తడిపేది. దాహం తీరిన ఇటుక మురికిని లోపలికి పీల్చుకోదని చెప్పేది. తర్వాత కుంకుడు రసం పూసి, పాచి నానేదాకా ఆగి, కొబ్బరి పీచుతో మెల్లగా రుద్ది, చెంబుతో పైనుంచి నీళ్ళు పోసేది. నాకు తలంటు పోసేటప్పుడు కూడా ఆ చేతులు అంత మెత్తగా ఉండేవి కావు.

మా చిన్నాన్న చూసి నవ్వాడు. "ఏటొదినా, గోడకి లాల పోత్తన్నావా? ఇలగైతే మళ్ళీ పండక్కి అవుద్ది" అంటూ ఇనుప బ్రష్షుతో ఒక మూల బరబరా గీకేశాడు. ఆ మూల క్షణంలో తెల్లబడింది. నాకు సంబరమేసింది. చిన్నాన్న గీకిన చోటా, తను రుద్దిన చోటా చెరో చెంబెడు నీళ్ళు పోసి అమ్మ నన్ను చూడమంది. తను రుద్దిన చోట నీళ్ళు జారిపోయాయి. గీకిన చోట ఇటుక గటగటా తాగేసి నల్లబడింది.

"తోలు ఊడిపోనాదే దీనికి. ఇంక ఏటేటా ఇక్కడే ముందు పాసెక్కుతాది" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "ఇప్పుడు పైకి సూడు."

పెంకుల చివరన వాన నీళ్ళు పోయే రేకు తూము విరిగి, సరిగ్గా గోడ మీదకే కారుతోంది. పచ్చదనమంతా అక్కడ మొదలై కిందికి వెడల్పయింది. రోజూ ఆ గుమ్మంలోంచి వచ్చిపోయే మగవాళ్ళు ఒక్కసారి తలెత్తితే చాలు.

అమ్మను పండక్కి తీసుకెళ్ళడానికి మా మావయ్య బండి కట్టుకుని వచ్చేనాటికి గోడ సగమే అయింది. "మిగతాదో?" అని తాతయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నా వంతు కడిగినాను మావా. ఆ తూము కారినంతకాలం నానెంత కడిగినా మా అమ్మని సూడనేను. మిగతాది తూముని అడగండి" అని, అమ్మ చేతులు చెంగుకు తుడుచుకుని, నన్ను బండెక్కించి తనూ ఎక్కింది. అమ్మమ్మ తడిమి తడిమి అమ్మ ముఖం చూసుకుంది.

మేం తిరిగొచ్చేసరికి తూముకు కొత్త రేకు పడింది. తప్పు మాదని ఎవరూ అనలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. చిన్నాన్న గీకిన మూల మాత్రం ప్రతి వానకూ పచ్చబడి, చివరికి పొడిపొడిగా రాలిపోయింది.

అమ్మకు చదువు లేదు. నాకూ మనవలు పుట్టాకే అక్షరాలొచ్చాయి. మొన్న మా వీధిలో ఒకరి ఇటుక గోడ పాచి పడితే, తుడిచే అమ్మాయిని నిలబెట్టి తిడుతున్నారు. యాసిడ్ పోసి కడగమంటున్నారు. ఆ పిల్ల తల వంచుకుని చీపురు అందుకుంటోంది. నేను వెళ్ళి దాని గడ్డం పట్టుకుని తల పైకెత్తాను. మేడ మీద ట్యాంకు గొట్టం ధారగా కారుతోంది.

నన్ను ఏ మరక కడగమన్నా, ఇప్పటికీ ముందు పైకే చూస్తాను.