వాన వెలిసిన ఖిల్లా మీద వేళ్ల ముద్రలు

పోలీసు చర్య ముగిసి మావారు ఇల్లు చేరాక, బతికివస్తే మెదక్ ఖిల్లా చూపిస్తానన్న మాట నిలబెట్టుకున్నారు. నిజాం మీద తిరగబడ్డ సంఘం కబుర్లు మోస్తూ ఊరూరా పరుగెత్తిన మనిషి. అప్పటి తోలుచెప్పులే ఇంకా కాళ్లకున్నాయి. "కొత్తయి కొనుక్కోండ్రి" అన్నాను. "గివి నన్ను సావనియ్యలే. ఇప్పుడు నేను వీటిని ఇడిసిపెడ్తనా?" అన్నారు.

తెల్లవారకముందే శివ్వంపేటలో ఎడ్లబండి ఎక్కి, తూప్రాన్‌లో మోటారు బస్సు అందుకున్నాం. కిరాయి మనిషికి ఆరు అణాలు. ఖిల్లాకని చెబితే డ్రైవరు, "వానకు బండలు పాకురు పట్టినయి, జర పైలం" అన్నాడు. "అడవులు దాటినోనికి మెట్లొక లెక్కనా?" అని మావారు నవ్వారు.

మధ్యాహ్నానికి పైకెక్కాం. కింద ఊరంతా అరచేతిలో పట్టేటట్టుంది. చర్చి శిఖరం ఒక్కటే ఆకాశంలోకి లేచి నిలబడింది. మనుషులు కట్టిందేనా అనిపించింది. ఇంకా బాగా కనిపిస్తుందని ఆయన అంచు వైపు నడిచారు. అలవాటుగా వెనకే నడుస్తున్న నేను కిందికి చూశాను. తడిమట్టిలో ఎడమ చెప్పు ముద్రకు ముందుభాగం లేదు, అట్ట అరిగి అయిదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. ముందున్నది అరిగిన చెప్పు నిలవని పాకురుబండ, దాని తరువాత లోయ.

"ఇగో!" అన్నాను. "వస్తున్న, ఉండు" అంటూనే సాగారు. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డ అడ్డం నిలిస్తే ఒక్కసారి చెప్పిన ఆయన పేరు, గొంతు చించుకుని పిలిచాను. కోటగోడలు ఆ పేరును మళ్లీ మళ్లీ పలికాయి. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన బిత్తరపోయి ఆగారు. కాలికింది రాయి జారి లోయలో పడింది. ఆ చప్పుడు ఎంతసేపటికో వినిపించింది.

కోటగోడ పక్కన కూర్చుని సీతాఫలాలమ్మే అవ్వ కిసుక్కున నవ్వింది. "ఓ పిల్లా, మొగన్ని పేరువెట్టి పిలుస్తవా! గంత మొనగత్తెవా?"

ఆయన నవ్వలేదు. చెప్పు విప్పి ఎండకు పట్టారు. వేళ్ల చోట వెలుతురు ఇటు వచ్చింది. "గింత అరిగిందని నాకెర్కనే లేదు" అన్నారు మెల్లగా. ఉత్తకాళ్లతో దిగి, బజారులో కొత్తవి తొడుక్కున్నారు. పాతవాటిని తువాలులో చుట్టుకున్నారు. నేను వద్దనలేదు.

అంత ఎత్తున, తుపాకీ మోత లేని గాలిలో, నా గొంతుకు ఒక మనిషి ఆగిపోవడం ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. ఖిల్లాకు వెళ్లేవారు బయలుదేరేముందు తడినేల మీద నాలుగడుగులు వేసి చూసుకోండి. చెప్పు ముద్రలో వేళ్లు కనిపిస్తే ముందు చెప్పులు కుట్టే మోచీ దగ్గరికి నడవండి.