“దిగు” అన్నది ఎవరు?

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా వాడలో ముందు నవ్వేదాన్ని నేనే. ఐదో తరగతితో బడి మానేసినదాన్నే కానీ, చీకటికి ఏనాడూ భయపడలేదు. ఇప్పటికీ పడను. ఇది చదివి నేను మారిపోయాననుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది మునగాల. సైదమ్మ, నేను కవలలం. కాస్త ముందు పుట్టాను కాబట్టి నేను అక్కను. ఇద్దరిదీ ఒక్కటే మొహం. మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. కవలల్లో ఒకరికి మందు వేస్తే రెండోవారికీ వేయాలి, లేకపోతే ఆ రోగం రెండోవారిని పట్టుకుంటుందని. చిన్నప్పుడు సైదమ్మ దగ్గితే కషాయం నాకూ తప్పేది కాదు.

పెద్దయ్యాక మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో పనికి పోయినప్పుడు సైదమ్మకు ఒక గొంతు వినిపించడం మొదలైంది. ఎడమ చెవి వెనక ఒక ఆడమనిషి. పొడుగు మాటలేవీ ఉండవు. లే. తినకు. పో. కసిరినట్టు ఒక్కొక్క మాటే. సైదమ్మ తిండి మానేసింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. మిల్లులో ఏదో పట్టుకుందని అందరూ అన్నారు. నేను వినలేదు. సూర్యాపేటలో మనసు రోగాలు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. దీని పేరు స్కిజోఫ్రీనియా. మెదడులో డోపమిన్ అనే రసాయనం పని కొన్నిచోట్ల ఎక్కువైతే, లేని గొంతు ఉన్నట్టే వినిపిస్తుంది. మాత్రలు దాన్ని తగ్గిస్తాయి. రక్తసంబంధం వల్ల కూడా ఈ జబ్బు రావచ్చు.

“ఒక్క కడుపుల పుట్టినం, ఒక్కటే రక్తం. మరి నాకెందుకు రాలే మేడమ్?” అని అడిగాను.

డాక్టరమ్మ నవ్వింది. “అది మాకూ పూర్తిగా తెల్వదమ్మా. కవలల్ల ఒకరికొస్తే ఇంకొకరికి వచ్చే అవకాశం ఎక్కువే, కానీ రావాలనేం లేదు. రసాయనం సంగతి కొంతవరకే చెప్తది. మాత్ర పనిచేస్తదని మాత్రం చెప్పగలను.”

తెలియనిది తెలియదని చెప్పిన ఆ మాటకే నాకు ఆమె మీద గురి కుదిరింది. మాత్రలతో సైదమ్మ తేరుకుంది. అన్నం తిన్నది, తల దువ్వుకుంది. అమ్మ మాత్రం, “ఇద్దరికీ ఇయ్యి డాక్టరమ్మా,” అని పట్టుబట్టి తిట్లు తిన్నది.

కొన్నాళ్లకు నాకు జ్వరం తగిలింది. అమ్మకు తన పట్టింపు గుర్తొచ్చింది. ఒకరికే మందు వేసినందుకు రెండో బిడ్డను రోగం పట్టుకుందనుకుని, నాకు చెప్పకుండా సైదమ్మకు మాత్రలు ఆపేసింది. నాకు తెలియదు. జ్వరం తగ్గాక కోదాడ పోయి కొత్త మాత్రలు కూడా కొన్నాను.

తిరిగి వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. పట్టపగలు. నేను నడుమ నిలబడ్డాను. రెండు పక్కలా మనుషులే, కిటికీ కూడా కనిపించదు. అప్పుడు ఎడమ చెవి వెనక ఎవరో కసిరారు. “దిగు.”

తిరిగి చూశాను. వెనక ఒక ముసలాయన, నిలబడే కునుకుతున్నాడు. మళ్లీ అదే ఆడగొంతు. “దిగు.”

బస్సు ఆపమని కేకేశాను.

“గీడ స్టాపు లేదమ్మా, మునగాల ఇంకా రాలే,” అన్నాడు కండక్టరు.

“కడుపుల తిప్పుతుంది బిడ్డా, ఆపు. ఆపకుంటే నీ సంచిలనే కక్కుతా,” అన్నాను. వెంటనే ఆపాడు.

దిగి చూస్తే ఒక దాబా, దాని ముందు వరుసగా ధాన్యం లారీలు. ఎందుకు దిగానో తెలియక వెర్రిదానిలా నిలబడ్డాను. తర్వాత లారీల సందులోకి నడిచాను. ఎందుకు నడిచానో కూడా తెలియదు. అక్కడ సైదమ్మ. కాళ్లకు చెప్పులు లేవు. రోడ్డు వైపు మొహం పెట్టి, ఊగుతూ నిలబడి ఉంది. ఇంకో రెండడుగులు వేస్తే హైవే.

చెయ్యి పట్టి లాగాను. “ఎందుకే ఇంత దూరమొచ్చినవ్?”

“ఆమె రోడ్డు మీదికి నడువు అంటుంది. నేను నడువ, ముందు మా అక్కను పిలుసుకరాపో అని ఆమెకు చెప్పిన,” అంది. నా మొహం చూసి, “వచ్చి చెప్పిందా?” అని అడిగింది.

బస్సు సంగతి నేనింకా చెప్పనే లేదు.

అమ్మ చేసిన పని ఆ సాయంత్రమే బయటపడింది. డాక్టరమ్మ ఈసారి తిట్టలేదు. “అక్కకు కూడా ఏమన్న పడాలె, అంతేనా? బెల్లం ముక్క పెట్టు,” అంది. అప్పటి నుంచి సైదమ్మ మాత్ర మింగినప్పుడల్లా నేను బెల్లం మింగుతున్నాను. అమ్మ ఎదురుగా నిలబడి ఇద్దరినీ చూస్తుంది.

గొంతు గురించీ డాక్టరమ్మను అడిగాను. చెల్లె మీద బెంగ, జ్వరం తర్వాత నీరసం, ఇలాంటప్పుడు ఏ జబ్బూ లేనివాళ్లకూ ఒకసారి వినిపించవచ్చని చెప్పింది. ఒప్పుకుంటాను. మరి సరిగ్గా అక్కడే ఎందుకు దిగమంది? “అది నేను చెప్పలేనమ్మా,” అంది ఆమె. నేనూ చెప్పలేను. మాత్రలకు, డాక్టరమ్మకు, బస్సు ఆపిన ఆ కండక్టరుకు మాత్రం రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

మొన్న మెంతికూర తెంపుతూ సైదమ్మ అడిగింది. “అక్కా, ఆమె మళ్ల నీ దగ్గరికొచ్చిందా?”

“రాలేదే. నీ దగ్గరికి?”

“రాలే.” కాసేపు కాడలు గిల్లింది. “నన్ను మస్తు సతాయించింది గానీ, నేను చెప్పిన ఒక్క పని జేసిపోయింది,” అని, కూర తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.