జెండాల వెనక తీగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో శుభ్రమంటే మా నాయనమ్మదే. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో నల్లా వచ్చే వేళకి నన్ను లేపి, నలుగుపిండితో మెడ, మోచేతులు, మడమలు ఎర్రబడేదాకా రుద్దేది. చెవి వెనక మట్టి దొరికితే వేలితో తీసి నా కళ్లముందు పెట్టేది. అలాంటి మనిషి, నేను పెద్దమనిషినయ్యాక, ఆ నాలుగు రోజుల గుడ్డలను మాత్రం వేకువనే చన్నీళ్లలో జాడించి, బొగ్గుల కొట్లో బస్తాల వెనక మేకుకు తగిలించమంది. మగవాళ్ల కంట పడకూడదట.

అక్కడికి ఎండ రాదు, గాలి రాదు. వానాకాలంలో మూడు రోజులైనా ఆరేవి కావు. చెమ్మ, జిగట, ముక్కిన వాసన. ఒకసారి మడత విప్పితే బొద్దింక నా చేతిమీదికి పాకింది. దాన్ని దులిపేసి అదే గుడ్డ కట్టుకున్నాను. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయింది. రోజుకు మూడుసార్లు నీళ్లు పోసుకున్నా, పౌడరు డబ్బా సగం ఒంపుకున్నా ఆ కంపు పోలేదు. నా ఒళ్లంటే నాకే అసహ్యం వేసింది. ఇక బడి మానేద్దామని నిశ్చయించుకున్నాను.

నా నడక చూసి కనిపెట్టింది పక్కింటి అక్క. వాళ్ల నాన్న గూడ్సు బండికి గార్డు.

"ఏటే, అలా కాళ్లు ఎడంగా వేస్తన్నావ్?" అని అడిగింది. చెప్పలేక ఏడ్చాను. ఏడుపులోనే అంతా బయటపడింది.

"అచ్ఛా, ఎండలో వెయ్యవా ఏటి?" అంటూ నన్ను వాళ్ల పెరట్లోకి లాక్కెళ్లింది.

అక్కడ రెండు తీగలున్నాయి. రోడ్డు వైపు తీగమీద వాళ్ల నాన్న డ్యూటీ జెండాలు, ఎర్రవీ పచ్చవీ, పాతవీ కొత్తవీ కలిపి పరదాలా ఆరేసి ఉన్నాయి. లోపలి తీగమీద, వాన తెరిపిచ్చిన ఎండలో, అక్క గుడ్డలు. గార్డు ఇంట్లో జెండాలు ఆరుతుంటే ఎవరూ రెండోసారి చూడరు. అక్క నా గుడ్డలు తెప్పించి, పాత డేకిసాలో సోడా వేసి నా చేతే ఉడికించింది. అందులోంచి దిగిన నల్లటి నీళ్లు చూసి మొహం తిప్పుకున్నాను. "చూడు, నువ్వు ఒంటికి కట్టుకున్నది ఇదే" అంది, తను మాత్రం మొహం తిప్పుకోకుండా.

ఆ మధ్యాహ్నమే మా నాయనమ్మ జల్లెడ కోసం పెరటి దారిన వచ్చింది. లోపలి తీగమీద ఆరేసిన నా గుడ్డల్లో తన పాత చీర అంచు కనిపించింది. దాన్ని చింపి నాకిచ్చింది ఆవిడే. మళ్లీ బొగ్గుల కొట్టే గతి అనుకున్నాను. ఆవిడ గుడ్డను పట్టుకుని చూసింది, వాసన చూసింది. తీగమీదికి గోడ నీడ వచ్చేస్తుంటే ఒక్కొక్క గుడ్డనూ ఎండలోకి జరిపింది.

"నలభయ్యేళ్లు గోక్కున్నానే," అంది నావైపు చూడకుండా. "మందులేని రోగమనుకున్నాను. నాకెవులూ చెప్పనేదు."

మా మనవరాలికి ఈ గుడ్డల బాధ లేదు. కానీ ఆ నలభయ్యేళ్లు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. అందుకే ఏ ఆడపిల్ల నడక తేడాగా కనిపించినా, పక్కకు పిలిచి నేనే ముందు అడుగుతాను.