నడిమింట్లో కంప్యూటర్, గోడవతల కువైట్

ఇందాక నా లాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ పెట్టి మా పాప ఫోన్‌కు నెట్ ఇచ్చాను. గుజరాత్‌లో పనిచేసే వాళ్ళ నాన్నతో పక్క గదిలో కూర్చుని మాట్లాడుతోంది. ఆ నవ్వు వింటుంటే కడపలో మా ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, కంప్యూటర్ మీద పూలు కుట్టిన గుడ్డ కప్పే రోజులు? మాది నడిమింట్లో ఉండేది. కాళ్ళ కింద చల్లటి నాపరాళ్ళు, వంటింట్లోంచి బొరుగుల ఉగ్గాని తిరగమాత వాసన. మా అన్న ఆ కంప్యూటర్‌కొచ్చే నెట్‌ను వైఫైతో గోడవతల ఇంట్లో ఉండే మాబున్నీ అక్కకు కూడా అందేలా చేశాడు. వాళ్ళాయన కువైట్‌లో ఉండేవాడు. పుట్టిన బిడ్డ మొహం ఆయన మొదటిసారి చూసింది మా నెట్‌లోనే.

శుక్రవారం ఆయనకు సెలవు. వాళ్ళు మాట్లాడుకున్నంతసేపూ మా అవ్వ కంప్యూటర్‌కూ ఆ గోడకూ మధ్య ఎవర్నీ నడవనిచ్చేది కాదు. వంటింట్లోకి పోవాలంటే ఎండలో పెరడు చుట్టి రావాల్సిందే.

"మనుషులు అడ్డమొస్తే ఏం కాదవ్వా," అని అన్న నవ్వేవాడు.

"నీకేం తెలుసురా? ఆయప్ప అంత దూరం నుంచి పెండ్లాం బిడ్డను చూసేకి వస్తాండాడు. వాకిట్లో అడ్డం నిలబడతావా?" అనేది అవ్వ.

ఇప్పుడు నాకు టీ పెట్టుకోవాలనిపించింది. వంటింటికి దారి లాప్‌టాప్‌కూ పాప గదికీ మధ్య నుంచే. లేచి, బాల్కనీ చుట్టి వెళ్ళాను.