పొట్లకాయా పదకొండు కుట్లూ

శ్రీముఖలింగేశ్వరుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. వంశధార వరదలో గేదె తోక పట్టుకుని అవతలి గట్టు చేరానని నేను చెప్పిన కథ విన్నవాళ్ళు ఈ ఒట్టుని తేలిగ్గా తీసుకోవచ్చు. కానీ ఆ గేదె వేరు, ఈ కుట్లు వేరు. ఇవి మా బావ పొట్ట మీద పడ్డవి. మొత్తం పదకొండు.

బావ అంటే మా అక్క మొగుడు. రాజాంలో కిరాణా కొట్టు. అరవై దగ్గరపడిన మనిషి తన సత్తువ ఎంత మిగిలిందో చూసుకోవాలనిపించి బియ్యం బస్తా ఎత్తబోయాడు. బస్తా లేవలేదు గానీ పొట్టలో ఏదో జారింది. హెర్నియా అన్నారు, కోశారు, కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మూడు వద్దన్నాడు: దగ్గు, తుమ్ము, నవ్వు. పది రోజులు. కుట్లు విడితే మళ్ళీ కోయాల్సి రావచ్చు, షుగరున్న ఒళ్ళు కాబట్టి రెండోసారి ఎలా మానుతుందో తాను చెప్పలేనన్నాడు.

దగ్గుకి మందుంది. తుమ్ముకి దుమ్ము లేకుండా చూసుకోవచ్చు. మూడోదానికి మందు లేదు, పైగా ఆ జబ్బు అంటించేవాణ్ణి నేనే. మా వైపు బావా బావమరదులు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఇద్దరికీ ఏదో చెడిందనుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా మా బావ నన్ను చూడగానే ఒకటి అంటాడు, నేను రెండంటాను. అందుకే నాలుగో రోజు పలకరించడానికి వెళితే అక్క నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఒరే, మధ్యాన్నం కొట్టు నేను సూసుకోవాలి. బావ దగ్గర కూకో. కూకోమన్నాను, కబుర్లు సెప్పమన్లేదు."

"నోరు తెరవనే."

"నువ్వు నోరు ముయ్యగలవని ముఖలింగం సామి వచ్చి సెప్పినా నమ్మను. ఒక్క కుట్టు ఊడిందా, దిష్టి గుమ్మడికాయ తీసేసి నీ తలకాయ కడతాను కొట్టు గుమ్మానికి."

అక్క ఉత్తినే అనే మనిషి కాదు. నేను తలకాయ తడుముకుంటూ లోపలికి వెళ్ళాను.

బావ మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. డాక్టరిచ్చిన బెల్టు వేడి చేస్తోందని తీసేసి, కట్టు మీదుగా తెల్లటి పొందూరు పంచె చుట్టుకున్నాడు. నేను కుర్చీ లాక్కున్నానో లేదో మొదలుపెట్టాడు.

"ఒరే బామ్మర్దీ, టీవీలో మన సినిమా వస్తన్నాదట. పెట్టరా."

"వద్దు బావా. నా తలకాయ సంగతి ఆలోచించు."

"నీ తలకాయకేటి, ఖాళీదే కదా. గుమ్మడికాయైతే కూరకైనా పనికొస్తాది."

నేను ససేమిరా అన్నాను. బతిమాలాడు, అలిగాడు, నీళ్ళు తాగనన్నాడు. మూడుసార్లు కాదన్నాను. మూడుసార్లని గుర్తుపెట్టుకోండి. చివరికి, అటక సీను రాకముందే ఆపేస్తానన్న షరతు మీద పెట్టాను.

మన సినిమా అంటే పేరు చెప్పక్కర్లేని పాత నవ్వుల సినిమా. ఒక పెద్ద ఇల్లు, ఇంటినిండా చుట్టాలు, ఒకరి మాట ఒకరు వినరు. మామగారికి చూపు ఆనదు, కళ్ళజోడు పెట్టుకోడు. ఆయన కంటపడకూడని అల్లుడు వంటింటి అటకెక్కి దాక్కుంటాడు. అటక పలక విరిగి ఒక కాలు కిందికి వేలాడుతుంది. మామగారు దాన్ని తడిమి చూసి, "పొట్లకాయ ముదిరిపోయిందే, నూగు కూడా వచ్చేసింది" అని కత్తిపీట తెమ్మంటాడు. తర్వాత లాగుతాడు. అల్లుడు, అటక, చింతపండు బుట్ట అన్నీ కలిసి దోసెల పిండి గంగాళంలో పడతాయి.

ఇంతే. మా ఇళ్ళలో దీన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. రాబోయేది తెలిసినా నవ్వొస్తుందని కాదు, తెలుసు కాబట్టే నవ్వొస్తుంది. మా బావ ఎప్పుడూ కాలు జారకముందే మొదలుపెట్టేవాడు, పడేసరికి ఊపిరందేది కాదు. చిన్నప్పుడు ఎందుకు నవ్వానో గానీ, యాభై దాటాక దాని విలువ నాకు వేరేగా తెలిసింది. ఆ ఇంట్లో పడ్డవాళ్ళందరూ లేస్తారు. పిండి తుడుచుకుని మరుసటి సీనులో పెళ్ళిపందిట్లో తిరుగుతుంటారు. బయట మా వయసువాళ్ళు బాత్రూంలో కాలు జారితే పలకరింపుకి ఎవరెవరు వెళ్ళాలో ఫోన్లు చేసుకుంటున్నాం.

సినిమా నడుస్తున్నంతసేపూ నేను టీవీ చూడలేదు, బావ పొట్ట చూశాను. తెల్ల పంచె లేస్తోంది, దిగుతోంది. బుద్ధిమంతుడు, నవ్వకూడదని కాబోలు, కళ్ళు తిప్పేసి ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు. అల్లుడు నిచ్చెన మీద కాలు పెట్టగానే ఆపేశాను.  

"ఇప్పుడు కత్తిపీట తెమ్మంటాడు," అన్నాడు బావ, కళ్ళు మూసుకుని.

"బావా, ఆపు."

"నేనేటన్నాను?"

భుజాలు కదులుతున్నాయి. టీవీ ఆపగలిగాను గానీ ఆ సినిమా ఆగలేదు, మూసిన రెప్పల వెనక నడుస్తోంది. ఏదైనా విచారకరమైన మాట చెప్పాలనుకుని, ఈమధ్య పోయిన చుట్టాల గురించి ఎత్తాను. మూడో పెద్దమనిషి దగ్గరకొచ్చేసరికి ఆయన అటక మీంచి పడి పోయినవాడే అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఎలాగో బావే సర్దుకున్నాడు. ఊపిరి నిదానించింది. గండం గడిచిందని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాను.

అప్పుడే అక్క కొట్టు మూసి వచ్చి, పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చింది. కుట్లున్న మనిషికి మా ఇళ్ళలో పథ్యం ఉంటుంది. మూడు రోజులు బీరకాయ. నాలుగో రోజునించి మార్పు కోసం ఇంకోటి.

"ఏఁవండీ, లేవండి. పొట్లకాయ కూర. సంతలో లేతది దొరకలేదు, ముదిరిపోయింది. సర్దుకోండి."

పాపం, ఆవిడకేం తెలుసు.

మొదట ఒక్క క్షణం ఏమీ కాలేదు. బావ పళ్ళెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను చూడకుండా ఉండాల్సింది, చూశాను. ఆ నవ్వు నోట్లోంచి రాలేదు, మంచంలోంచి వచ్చింది. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు, దిండు కొరికాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నేను గోడకి తల కొట్టుకుంటూ నవ్వుతున్నాను. అంతలో "అమ్మా" అన్నాడు. ఆ మాటతో ముగ్గురం ఆగిపోయాం.

తెల్ల పంచె మీద ఎర్రగా ఆవగింజంత మచ్చ.

ఆటో ఎక్కించేసరికి కందిపప్పంత అయింది. బజారు దాటేసరికి శనగగింజంత. కిరాణా కొట్టు కుటుంబం కదా, ఎవరూ పైకి అనలేదు గానీ ముగ్గురం అలాగే కొలుస్తున్నాం. ప్రతి స్పీడు బ్రేకరుకీ అక్క మొగుడి పొట్ట మీద చెయ్యి వేసి పట్టుకుంటోంది. ముందు ధాన్యం లారీ దారివ్వదు.

"నేనే సినిమా పెట్టమన్నాను," అన్నాడు బావ. "వాడు వద్దన్నాడు. వాడినేటీ అనకు."

"అది కాదండీ. కూర ముదిరిపోయిందంటే నవ్వెందుకు?"

అప్పుడు తెలిసింది, ఆ సీను ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదని. సరిగ్గా ఆ సమయానికి ఎప్పుడూ వంటింట్లో పకోడీలు వేస్తూ ఉండేది. మా నవ్వు మాత్రమే వింది.

ఆటో అతను అద్దంలోంచి చూశాడు. "పొట్లకాయ సీనేనా బాబూ?" అన్నాడు. అతని భుజాలూ కదలడం మొదలైంది. బావ పెదవి కొరుక్కున్నాడు.

"నువ్వు ముందుకి సూసి నడుపు నాయనా," అంది అక్క. "ఇక్కడ మా పేణాలు పోతన్నాయి."

ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళాక మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాం. చాలాసేపు ఆవిడ తన కొంగు అంచు మడుస్తూ విప్పుతూ ఉంది. నేను నా తలకాయ గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

"సెప్పు, ఏటా సీను?" అంది చివరికి.

చెప్పాను. కాలు, నూగు, కత్తిపీట, గంగాళం. నా నోట్లోంచి వస్తుంటే అందులో నవ్వేమీ కనబడలేదు. ఆవిడా నవ్వలేదు.

"ఇంతేనా? ఇన్నేళ్ళూ వంటింట్లోంచి వింటూ ఏటో అనుకున్నాను." కొంగు వదిలేసి, "ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళైందిరా," అంది.

డాక్టరు బయటికొచ్చి పై కుట్లు రెండు విడిపోయాయనీ, లోపలివి గట్టిగానే ఉన్నాయనీ చెప్పాడు. మళ్ళీ రెండు వేశాడట. ఇంకో వారం ఎక్కువ మంచం మీద ఉండాలి. ఇంట్లో నవ్వించేవాళ్ళుంటే దూరంగా ఉంచమన్నాడు. అక్క నా వైపు చూసింది.

ఇక ఒట్టు సంగతి. పొట్లకాయ నిజం, మచ్చ నిజం, ఆటో అతను కూడా నిజమే. అబద్ధం ఒక్కచోట ఉంది. మా బావ సినిమా పెట్టమని అడగలేదు. నేను మూడుసార్లు కాదనలేదు, ఒక్కసారీ కాదనలేదు. ఆ సినిమా ఏ చానల్లోనూ రాలేదు, నా ఫోన్లో దాచుకున్నదాన్ని టీవీకి తగిలించాను.

ఆ రోజు నేను కుర్చీ లాక్కుంటే మా బావ ఏమీ అనలేదు. గుమ్మడికాయ మాట నేను కల్పించి అతని నోట్లో పెట్టాను. ఆపరేషనైన దగ్గర్నించీ అతను ఫ్యాను చూస్తూ పడుకున్నాడు, అడిగినదానికి ఊఁ అనడం తప్ప మాటలేదు. బస్తా లేవలేదన్నదే అతని లోపల తిరుగుతోందని నాకనిపించింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నన్ను చూసి ఒక్క మాట విసరలేదు. నాకు కుట్ల కంటే దానికే భయమేసింది. అందుకని కుట్లని పందెం కాశాను. తప్పే. మంచి జరిగిందని తప్పు కాకుండా పోదు, ఇంకాస్త లోతుగా విడిపోయుంటే ఈ కథ రాసేవాణ్ణి కాను.

ఆటోలో "నేనే పెట్టమన్నాను" అని అతను అక్కతో అన్న మాట మాత్రం నిజంగా అన్నదే. నేను అడక్కుండానే ఆ అబద్ధం తన మీద వేసుకున్నాడు. అక్క ఇవాళ్టికీ అదే నమ్ముతోంది.

స్ట్రెచరు మీద బయటికి తెస్తున్నప్పుడు నేను పక్కన నడిచాను. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. వేలు ఆడించి దగ్గరకి రమ్మన్నాడు. వంగాను.

"ఒరే వెధవా," అన్నాడు నెమ్మదిగా, "పెట్టినోడివి, అటక దాకా ఉంచలేకపోయావేట్రా?"